అమ్మానాన్నల పేరు పన్ను ఫారంలో రాసే ముందు

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా జనవరి వచ్చేసరికి ఒక ప్రశ్న లేస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నాం, మందులూ ఆసుపత్రి ఖర్చులూ మనమే చూసుకుంటున్నాం, మరి ట్యాక్స్ రిటర్న్‌లో వాళ్లను డిపెండెంట్లుగా చూపించుకోవచ్చా? దాని వెనకే ఇంకొకటి: చూపిస్తే రేపు వాళ్ల విజిటర్ వీసాకు ఏమైనా అడ్డం వస్తుందా? పన్నులు తెలిసినవాళ్లు వీసా సంగతి మాట్లాడరు, వీసాలు తెలిసినవాళ్లు పన్ను జోలికి పోరు. అందుకే రెండింటికీ సగం సగం జవాబులే తిరుగుతుంటాయి. రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఇది: ఈ వ్యవహారంలో మొదట లెక్కపెట్టవలసింది పెద్దవాళ్లు అమెరికాలో గడిపిన రోజులను. డాలర్ల లెక్క ఆ తర్వాత వస్తుంది, అది చాలా చిన్న లెక్క.

మొదటి ప్రశ్నకు చట్టం సూటిగానే జవాబిస్తుంది. అమెరికా పన్ను చట్టంలోని 152వ సెక్షన్ తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపడానికి ఒప్పుకుంటుంది. వాళ్లు మన ఇంట్లోనే ఉండాలన్న నిబంధన కూడా పెట్టలేదు. కానీ అదే సెక్షన్‌లో ఇంకో షరతు ఉంది. డిపెండెంట్‌గా చూపే మనిషి అమెరికా పౌరుడన్నా అయివుండాలి, లేదా అమెరికా, కెనడా, మెక్సికోలలో ఏదో ఒక దేశ నివాసి అయివుండాలి. తెనాలిలోనో సిద్దిపేటలోనో ఉంటున్న భారత పౌరులు ఇందులోకి రారు. ఎంత పంపినా, ఎన్నేళ్లుగా పంపుతున్నా రారు. నాన్న గుండె ఆపరేషన్‌కు గుంటూరు ఆసుపత్రిలో కట్టిన లక్షలను వైద్య ఖర్చుల మినహాయింపు కింద చూపుదామన్నా ఇదే షరతు అడ్డుపడుతుంది. ఆ మినహాయింపు కోసం తల్లిదండ్రుల ఆదాయ పరిమితిని చట్టం పక్కన పెట్టింది గానీ, నివాసం షరతును మాత్రం వదల్లేదు.

ఇది నాకు న్యాయంగా తోచదు. మన దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే రాసి ఉంది. ఒక చట్టం ప్రకారం పోషించడం కొడుకు, కూతుళ్ల బాధ్యత. అదే పోషణను వాళ్లు పన్ను కట్టే దేశం లెక్కలోకే తీసుకోదు. మధ్యలో నలిగేది ఇద్దరు పిల్లల చదువు, ఇంటి అప్పు, ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్ల డయాలసిస్ బిల్లులు ఒకే జీతం మీద మోసే మనిషి.

పంపే డబ్బు మీద మాత్రం పెద్ద బెంగ అక్కర్లేదు. పిల్లలు తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు మీద భారత ఆదాయపు పన్ను పడదు, ఆ డబ్బును బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ మీదే పడుతుంది. అమెరికా వైపు చూస్తే, 2025లో ఒక్కో మనిషికి 19,000 డాలర్ల దాకా ఇచ్చిన దానికి గిఫ్ట్ రిటర్న్ కూడా వేయనక్కర్లేదు. అమ్మకు వేరు, నాన్నకు వేరు. 2026 జనవరి 1 నుంచి విదేశాలకు పంపే డబ్బు మీద వచ్చిన 1 శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ల లాంటి వాటితో పంపేవారికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు.

ఇక అసలు చిక్కు విజిటర్ వీసా దగ్గర మొదలవుతుంది. పన్ను చట్టానికి నివాసి అంటే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లొక్కరే అనుకుంటే పొరపాటు. రోజుల లెక్కతో కూడా నివాసి అవుతారు. ఈ ఏడాది కనీసం 31 రోజులు అమెరికాలో ఉండి, ఈ ఏటి రోజులన్నీ, పోయినేటి రోజుల్లో మూడో వంతు, అంతకు ముందేటి రోజుల్లో ఆరో వంతు కలిపితే 183కు చేరినవారు పన్ను విషయంలో అమెరికా నివాసులే. చదువుకోవడానికి ఎఫ్-1 వీసా మీద వచ్చిన పిల్లల రోజులను మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు లెక్కలోకి తీసుకోరు. బి-2 విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఆ వెసులుబాటు లేదు. విమానం దిగిన రోజూ లెక్కే, తిరిగి ఎక్కిన రోజూ లెక్కే.

ఈ లెక్క ఎలా చుట్టుకుంటుందో చూడండి. అమ్మానాన్నలు ఏప్రిల్ 1న వచ్చి సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. 178 రోజులు. ఆరు నెలలు నిండకుండానే వెళ్లారు, ఆ ఏడాదికి నివాసులు కారు. మరుసటి ఏడాదీ అవే తేదీల్లో వచ్చి వెళ్లారు. ఈసారి 178కి పోయినేటి మూడో వంతు 59 కలుస్తుంది. మొత్తం 237. రెండోసారి వచ్చినప్పుడు ఒక్కరోజు కూడా ఎక్కువ ఉండలేదు, అయినా పన్ను చట్టం దృష్టిలో నివాసులైపోయారు. ఏటేటా వచ్చేవాళ్లకు గీత నాలుగు నెలల దగ్గరే ఉంది. మూడేళ్లూ 120 రోజుల చొప్పున ఉంటే 180, గీత లోపలే. 122 రోజుల చొప్పున ఉంటే సరిగ్గా 183. మనవడి పురుటికి ఒక ఏడాది, వాడి అన్నప్రాశనకూ మొదటి పుట్టినరోజుకూ మరో ఏడాది వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు ఈ గీత దాటి ఉంటారు. ఆ సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు ఉండరు.

దాటితే ఏమవుతుంది? నివాసి తనకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా అమెరికాకు లెక్క చెప్పాలి. నాన్న పెన్షన్, అమ్మ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, విజయవాడ ఇంటి అద్దె అన్నీ ఇందులోకి వస్తాయి. ఊళ్లో పొలం మీద వచ్చే కౌలు కూడా వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో పన్ను లేదు కాబట్టి చాలామంది దాన్ని ఆదాయంగానే అనుకోరు. అమెరికా చట్టం అనుకుంటుంది. ఇవి కాక, విదేశీ బ్యాంకు ఖాతాల్లో మొత్తం కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే వివరణ పత్రం విడిగా దాఖలు చేయాలి. 10,000 డాలర్లంటే మన లెక్కలో దాదాపు తొమ్మిది లక్షల రూపాయలు. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైన ఏ ఉపాధ్యాయుడికైనా గ్రాట్యుటీ, డిపాజిట్లు కలిపితే అంతకు మించే ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లకు చివరికి పన్ను పడకపోవచ్చు. అయినా కాగితాల బాధ్యత మాత్రం పడుతుంది. ఎఫ్‌బార్ జరిమానాలు చాలా కఠినం.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ఆ ఏడాదిలో 183 రోజుల కన్నా తక్కువ ఉండి, ఇల్లూ వాకిలీ, బంధువులు, బ్యాంకు, ఓటు, అన్నీ స్వదేశంలోనే ఉన్నాయని చూపగలిగితే ఫారం 8840 దాఖలు చేసి నివాసి కాకుండా ఉండవచ్చు. ఇందాకటి 178 రోజుల దంపతులకు ఇదే రక్ష. జీతం లాంటి ఆదాయం అమెరికాలో లేనివారికి మరుసటి ఏడాది జూన్ 15 గడువు. గడువులోపు పంపకపోతే హక్కు చేజారే ప్రమాదం ఉంది. అమెరికాలో ఉండగానే జబ్బు చేసి విమానం ఎక్కలేకపోయిన రోజులను ఫారం 8843తో తీసేయించుకోవచ్చు. 2020లో కోవిడ్ కారణంగా ఇరుక్కుపోయినవారికి 60 రోజుల దాకా మినహాయింపు ప్రత్యేకంగా ఇచ్చారు. ఒకే ఏడాదిలో 183 రోజులు దాటినవారికి భారత్, అమెరికాల మధ్య 1989లో కుదిరిన పన్ను ఒప్పందం మిగులుతుంది. దాని ప్రకారం శాశ్వత నివాసం ఎక్కడ, జీవితం ప్రధానంగా ఎక్కడ ముడిపడి ఉంది అన్నవి చూసి ఏ దేశ నివాసో తేలుస్తారు.

ఫారం 8840 దారి పట్టుకుంటే ఒకటి వదులుకోవాలి. పెద్దవాళ్లు నివాసులు కారని ఆ ఫారంతో చెప్పుకున్నాక, అదే ఏడాది కొడుకు రిటర్న్‌లో వాళ్లను డిపెండెంట్లుగా రాయడం కుదరదు. నివాసులమని ఒప్పుకుంటేనే డిపెండెంట్లు. ఒప్పుకుంటే నాన్న లెక్కలన్నీ అమెరికా ముందు పెట్టాలి. రెండు వైపులా లాభం తీసుకోవాలని చూసినవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే.

సరే, ఒప్పుకున్నారనే అనుకుందాం. అప్పుడైనా ఏం మిగులుతుంది? ముందు ఆదాయ పరీక్ష ఉంది. 2025లో డిపెండెంట్ స్థూల ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి. నెలకు 433 డాలర్లు, అంటే ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది వేల రూపాయలు. పెన్షన్, అద్దె లాంటి ఆదాయం ఉన్న నాన్నల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏ పెన్షనూ లేని అమ్మ మిగులుతుంది, ఎక్కువ ఇళ్లలో. తర్వాత పోషణ పరీక్ష: ఆమె ఏడాది ఖర్చులో సగానికి మించి మనమే భరించాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి భరిస్తుంటే, పది శాతం పైన పెట్టినవాళ్లలో ఒకరు మిగతావాళ్ల ఒప్పుదల తీసుకుని చూపుకోవచ్చు. తమ్ముడు బెంగళూరులో ఉంటూ చూసుకుంటున్నాడంటే ఆ వాటాను కూడా నిజాయితీగా లెక్కకట్టాలి. ఇవన్నీ దాటాక చేతికి వచ్చేది ఒక మనిషికి 500 డాలర్ల క్రెడిట్. మనం కట్టాల్సిన పన్ను లోంచి తగ్గుతుందే తప్ప రీఫండ్‌గా రాదు. ఆదాయం ఒక్కరికి 2 లక్షల డాలర్లు, దంపతులకు 4 లక్షలు దాటితే అదీ కరుగుతూ పోతుంది.

ఇంత చిన్న మొత్తానికి ఇంత తాపత్రయం ఎందుకు మిగిలిందో తెలియాలంటే 2017 వెనక్కి వెళ్లాలి. అప్పట్లో ఒక్కో డిపెండెంట్‌కు 4,050 డాలర్లు ఆదాయం లోంచే తీసేసేవారు. ఇద్దరు పెద్దవాళ్లను చూపితే చెప్పుకోదగ్గ మొత్తమే మిగిలేది. 2017 డిసెంబరు చట్టం ఆ మినహాయింపును 2018 నుంచి సున్నా చేసింది, 2025 జులైలో వచ్చిన చట్టం ఆ సున్నాను శాశ్వతం చేసింది. సలహాలు మాత్రం పాతవే నడుస్తున్నాయి. కెనడా, మెక్సికో నివాసుల వెసులుబాటు కూడా దాదాపు పేరుకే మిగిలింది, ఎందుకంటే ఆ 500 డాలర్ల క్రెడిట్‌కు అమెరికా నివాసమే కావాలి. పెళ్లికాని కొడుకో కూతురో తల్లిని డిపెండెంట్‌గా చూపి ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’గా రిటర్న్ వేస్తే లాభం ఎక్కువన్నది నిజం. 2024లో మామూలు మినహాయింపు 14,600 డాలర్లయితే వాళ్లకు 21,900. దానికి తల్లి ఏడాది పొడవునా ప్రధానంగా ఉన్న ఇంటి ఖర్చులో సగానికి పైగా భరించాలి. ఆ ప్రధానమైన ఇల్లు అమెరికాలోనిదే అని రాస్తే, కాన్సులేట్‌లో ఆ తల్లి చెప్పిన మాటకు అడ్డంగా రాసినట్టే.

ఇంకో సంగతి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులకు ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు కావాలి. దానికి డబ్ల్యూ-7 ఫారంతో పాటు అసలు పాస్‌పోర్టులు టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పంపడమో, గుర్తింపు పొందిన ఏజెంటు దగ్గర ధ్రువీకరించుకోవడమో చేయాలి. పాస్‌పోర్టులు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. విజిటర్‌గా వచ్చిన మనిషి చేతిలో పాస్‌పోర్టు లేకుండా వారాల తరబడి ఉండటం, ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని కబురొస్తే బయల్దేరలేకపోవడం చిన్న సంగతి కాదు. 500 డాలర్ల కోసం ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇప్పుడు వీసా. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో తెరిచేదాకా మనవాళ్లు చెన్నై వెళ్లేవారు. ఇప్పుడు నానక్‌రాంగూడలో 2023 నుంచి కొత్త భవనం. ఎక్కడైనా కిటికీ అవతలి అధికారి పాటించేది ఒకే సూత్రం: ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం ఎదురుగా నిలబడ్డ మనిషి అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని చూపే బాధ్యత ఆ మనిషిదే. వదులుకునే ఉద్దేశం లేని ఇల్లు స్వదేశంలో ఉండాలి. పన్ను చట్టం రోజులను లెక్కపెడుతుంది, వీసా చట్టం మనసులోని ఉద్దేశాన్ని వెతుకుతుంది. అందువల్ల పన్ను లెక్కలో నివాసి అయినంత మాత్రాన ఎవరూ వీసా నియమం మీరినట్టు కాదు. విజిటర్ విజిటర్‌గానే ఉంటారు. కొడుకు రిటర్న్‌లో డిపెండెంట్ అని రాస్తే వీసా తిరస్కరించాలన్న నియమం ఎక్కడా లేదు. పన్ను రిటర్న్‌ల గోప్యతకు 6103వ సెక్షన్ రక్షణ ఉంది.

అలాగని రెండింటి మధ్యా పూర్తి గోడేమీ లేదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో అమెరికా ట్యాక్స్‌పేయర్ నంబరు ఉందా అని ఒక గడి ఉంటుంది. ఐటిన్ తీసుకున్న అమ్మానాన్నలు అక్కడ ఆ నంబరు రాయాల్సిందే. వెనకటి ప్రయాణాల తేదీలు, ఎన్ని రోజులు ఉన్నారన్నదీ అదే ఫారంలో అడుగుతారు. చాలామంది పెద్దవాళ్లు పిల్లల రిటర్న్‌ల కాపీలు ఫైల్లో పెట్టుకుని వెళతారు, ఆ కాపీలో డిపెండెంట్ల జాబితా మొదటి పేజీలోనే ఉంటుంది. నంబరు ఉండటం తప్పు కాదు, ఉన్నదాన్ని లేదని రాయడం తప్పు. తెలిసి తప్పు చెప్పారని తేలితే వచ్చే నిషేధం జీవితాంతం వెంటాడుతుంది. దరఖాస్తును ఊళ్లో నింపే కన్సల్టెన్సీవారికి ఐటిన్ సంగతి తెలియకపోవచ్చు. ఆ సంగతి ముందుగా చెప్పవలసింది పిల్లలే.

తల్లిదండ్రులను నిజంగా దెబ్బతీసేది తరచు వేరే విషయం. పదేళ్ల వీసా స్టాంపు చూసి పదేళ్లు ఉండొచ్చని కాకపోయినా, ఎప్పుడైనా ఎన్నాళ్లైనా ఉండొచ్చని అనుకుంటారు. ఉండదగిన గడువు ఐ-94 అనే ప్రవేశ పత్రంలోని తేదీ, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ దాటి ఉంటే వీసా దానంతటదే రద్దవుతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి వెళితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. గడువు లోపలే ఐ-539 ఫారం పెట్టి పొడిగింపు అడగవచ్చు, చట్టబద్ధమే. కానీ పొడిగించుకున్న ఏడాదిలో 183 రోజులు దాటడం దాదాపు ఖాయం, దాంతో ఫారం 8840 దారి మూసుకుపోతుంది. ఆరు నెలలుండి, ఊరికి వెళ్లి నెలరోజులకే మళ్లీ దిగే పెద్దవాళ్లను విమానాశ్రయంలో అధికారి నిలదీస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. డేకేర్ ఖర్చు తప్పించుకోవడానికి అమ్మను ఏటా రప్పిస్తున్నారన్న అనుమానం వస్తే జవాబు చెప్పుకోవడం ఆమెకే కష్టం, ఇంగ్లీషు రాని మనిషి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి. పిల్లలు చేసే ఏర్పాట్ల భారం పెద్దవాళ్ల మీద పడటం నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం.

అన్ని దేశాలూ ఇలాగే లేవు. జపాన్‌లో పనిచేస్తున్న మన ఇంజనీరు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను పన్ను లెక్కలో చూపుకోవచ్చు. బంధుత్వానికీ డబ్బు పంపినందుకూ రుజువులు కావాలి, ఎవరికి వారికి విడిగా పంపిన రశీదులు కావాలి. 2023 నుంచి నియమం బిగించారు. 30 నుంచి 70 ఏళ్ల లోపు బంధువులకైతే, చదువు, వైకల్యం లాంటి కారణాలు లేనప్పుడు, ఏడాదికి కనీసం 3,80,000 యెన్‌లు పంపి ఉండాలి. 70 దాటిన తల్లిదండ్రులకు ఆ షరతు లేదు. జర్మనీ కూడా విదేశంలోని తల్లిదండ్రుల పోషణ ఖర్చును, ఆ దేశపు జీవన ప్రమాణాన్ని బట్టి తగ్గించి, మినహాయిస్తుంది. పంపుతున్న డబ్బును నమ్మడానికి మార్గాలున్నాయని ఈ రెండు దేశాలూ చూపుతున్నాయి. కెనడా పన్నులో నివాసం షరతు పెట్టి, వీసాలో ఉదారత చూపింది. 2011లో మొదలైన సూపర్ వీసా మీద 2022 జులై నుంచి తల్లిదండ్రులు ఒక్కోసారి ఐదేళ్ల దాకా ఉండవచ్చు. లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా, పిల్లలకు తగిన ఆదాయం చూపాలి. పన్నులో వెసులుబాటు, వీసాలో వెసులుబాటు, ఈ రెంటిలో దేన్నీ అమెరికా ఎంచుకోలేదు.

అందుకే అక్కడ అందరి చూపూ గ్రీన్‌కార్డ్ మీదికి పోతుంది. తల్లిదండ్రులకు దరఖాస్తు చేయగలిగేది 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులే. గ్రీన్‌కార్డ్ ఉన్న పిల్లలకు ఆ హక్కు లేదు, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డవాళ్లకు అసలే లేదు. వచ్చినవాళ్లకు లెక్క తలకిందులవుతుంది. విజిటర్‌గా రోజులు ఎక్కువైతే చిక్కు, గ్రీన్‌కార్డ్‌తో రోజులు తక్కువైతే చిక్కు. ఊళ్లోనే ఎక్కువ కాలం గడిపితే కార్డు వదులుకున్నారన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ పన్ను ఫారం నేరుగా ఇమిగ్రేషన్‌ను తాకుతుంది కూడా. విజయవాడ అద్దె మీద పన్ను తప్పుతుందని ఒప్పందాన్ని అడ్డం పెట్టుకుని నివాసిని కానని రిటర్న్ వేసిన గ్రీన్‌కార్డ్ తండ్రి, ఆ కార్డు మీద తన హక్కును తానే ప్రశ్నార్థకం చేసుకుంటాడు. ఆ రిటర్న్ మీదా, ఇందాకటి డబ్ల్యూ-7 మీదా సంతకం పెద్దవాళ్లదే. పెట్టమని కాగితం ముందుంచే కొడుకో కూతురో అందులో ఏముందో, దానివల్ల వాళ్ల ఏయే ఖాతాలు ఎవరికి తెలుస్తాయో తెలుగులో పూర్తిగా చెప్పి, వద్దంటే మానుకోవాలి.